సూటి గీత వంకరగా కనపడితే



మన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో అరవై దాటిన మనిషి ‘కళ్ళు ఆనడం లేదు’ అన్నాడంటే, ఇంట్లోవాళ్ళు, ఇరుగుపొరుగు అందరూ చెప్పే మాట ఒకటే. శుక్లం వచ్చింది. ఆ వెనకే రెండో మాట. ఇంకా ముదరలేదేమో, పండనివ్వండి, కోతలయ్యాక చూపిద్దాం. శుక్లం విషయంలో ఈ ఆలస్యం చాలామందికి పెద్దగా నష్టం చెయ్యలేదు. ఆరు నెలలు ఆగినా, ఏడాది ఆగినా, ఆపరేషన్ చేసి లెన్సు పెడితే చూపు తిరిగొచ్చింది. ఇన్నేళ్ళ కళ్ళ క్యాంపులు మనకి ఆ నమ్మకం ఇచ్చాయి. అదే ఓపిక ఇంకో జబ్బు దగ్గర పట్టామంటే చూపు పోతుంది, పోయింది మళ్ళీ రాదు. ఆ జబ్బు మాక్యులర్ డీజెనరేషన్. ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే.

నేను ఈ చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆప్తాల్మిక్ అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాను. జబ్బు తేల్చేదీ వైద్యం చేసేదీ రెటీనా డాక్టర్లు. చూపు పరీక్ష చెయ్యడం, అనుమానం వస్తే పై ఆసుపత్రికి పంపడం నా ఉద్యోగం. అయితే పంపినవాళ్ళు ఊరుకోరు కదా, ఆ ఫైలు పట్టుకుని మళ్ళీ నా దగ్గరికే వచ్చేవారు. ‘బాబూ, ఇందులో ఏం రాశారో చదివి చెప్పు’ అని బల్ల మీద పరిచేవారు. ఉద్యోగం వదిలాక కూడా ఆ రాకపోకలు ఆగలేదు. ఇప్పుడు అమెరికాలో ఉన్న కొడుకులు, కోడళ్ళు అవే కాగితాల ఫొటోలు వాట్సాప్‌లో పంపి అడుగుతున్నారు. అందుకని ఆ కాగితం మీద ఉండే మాటల్ని ఒక్కొక్కటిగా విప్పుకుంటూ పోదాం.

కంటికి లోపల, వెనకవైపు రెటీనా అనే పల్చటి పొర ఉంటుంది. కొందరు దాన్నే నరం పొర అంటారు. వెలుగు దాని మీద పడితేనే మనకి చూపు. ఆ పొరకి నడిమధ్యన, అడ్డంగా కొలిస్తే అయిదారు మిల్లీమీటర్ల మేర ఉన్న చోటు మాక్యులా. బడి పుస్తకాల్లో పచ్చచుక్క అని చదువుకున్నది అదే. అక్షరాలు చదవాలన్నా, సూదిలో దారం ఎక్కించాలన్నా, ఎదుటి మనిషి మొహం గుర్తుపట్టాలన్నా ఆ కాస్త చోటే పనిచెయ్యాలి. మిగిలిన రెటీనా పక్కచూపు కోసం. దారి కనపడటం, గడప కనపడటం, పక్కనించి వచ్చే ఆటో కనపడటం దాని పని. ఈ తేడా గుర్తుంచుకోండి, మళ్ళీ దీని అవసరం వస్తుంది.

రాత్రింబగళ్ళు పనిచేసే చోట వ్యర్థాలు కూడా పుడతాయి. మాక్యులా కింద ఉన్న పల్చటి కణాల వరస ఆ చెత్తని ఎప్పటికప్పుడు ఎత్తి, దాని కింద ఉన్న రక్తనాళాల్లోకి పంపేస్తుంది. వయసు మీద పడేకొద్దీ ఆ పని మందగిస్తుంది. మన మురుగు కాలవలకి ఏటా పూడిక తియ్యకపోతే ఏమవుతుందో తెలుసు కదా, అలాగే ఆ చెత్త పసుపుపచ్చని చుక్కలుగా పేరుకుంటుంది. మీ రిపోర్టులో ‘డ్రూసెన్’ అని ఉంటే అర్థం ఇదే. చిన్న చిన్న డ్రూసెన్ కాసిని ఉన్నంత మాత్రాన భయం లేదు, వయసు వచ్చిన చాలామందిలో ఉంటాయి. అవి పెద్దవై, ఎక్కువై, ఒకదానికొకటి అతుక్కుంటే అప్పుడు జబ్బు మొదలైందంటారు. ఎ.ఎం.డి. అని గానీ ఎ.ఆర్.ఎం.డి. అని గానీ రాస్తారు. వయసుతో వచ్చే మాక్యులర్ డీజెనరేషన్ అన్నమాట.

దీనికి రెండు రూపాలు, ‘డ్రై’, ‘వెట్’. ఈ రెండు మాటలూ మనవాళ్ళని బాగా తికమక పెడతాయి. డ్రై అని రాసి ఉంటే కళ్ళు పొడిబారాయనుకుని మందుల షాపులో చుక్కల మందు కొని వేసుకుంటారు. వెట్ అంటే కళ్ళు నీరు కారడం అనుకుని, ‘నాకు నీళ్ళు కారడం లేదుగా’ అని ధైర్యంగా ఉండిపోతారు. రెండూ కాదు. డ్రై అంటే మాక్యులా దగ్గర కణాలు నెమ్మదిగా, ఏళ్ళ తరబడి అరిగిపోవడం. వెట్ అంటే అడుగునించి పనికిమాలిన కొత్త రక్తనాళాలు మొలిచి, మాక్యులా కిందికి నీరో నెత్తురో కారడం. ఈ జబ్బున్న పదిమందిలో ఒకరిద్దరికే వెట్ వస్తుంది. వచ్చినవాళ్ళకి మాత్రం వారాల్లో, నెలల్లో చూపు పడిపోతుంది. కారిన చోట మచ్చ కట్టిందంటే అక్కడి చూపు శాశ్వతంగా పోయినట్టే. డ్రై ఉన్న కన్నే ఎప్పుడో ఒకనాడు వెట్‌గా మారవచ్చు. డాక్టర్లు ‘డ్రైయే, మందేమీ లేదు, కానీ వస్తూ ఉండండి’ అని చెప్పేది అందుకు. మనవాళ్ళు మందేమీ లేదన్న ముక్క విని, వస్తూ ఉండండన్న ముక్క వదిలేస్తున్నారు.

పెడనలో కలంకారీ అచ్చులు వేసే పనిలో జీవితం గడిపిన ఒక పెద్దాయన సంగతి చెబుతాను. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. దుప్పటి అంచుకి గీత అచ్చు వేస్తుంటే, గీత మధ్యలో కొద్దిగా అల లేచినట్టు కనపడేదట. టేకు అచ్చు తేమకి వంకర పోయిందనుకుని పక్కన పెట్టి ఇంకో అచ్చు తీసుకున్నాడు. దానికీ అదే అల. పక్క బల్ల దగ్గరి కుర్రాణ్ణి పిలిచి చూపిస్తే, ‘సూటిగానే ఉంది తాతా’ అన్నాడు. అక్కడికి వదిలేశాడు. తర్వాత ఒకరోజు రంగు చింది ఎడమ కంట్లో పడింది. కడుక్కుని, గుడ్డతో అదిమి పట్టుకుని, కుడి కంటితో ఎదురుగా ఉన్న బట్టని చూశాడు. చుట్టూ ఆకులు, తీగలు అన్నీ ఉన్నాయి, మధ్యలో ఉండాల్సిన పువ్వు లేదు. ఆ చోట బూడిదరంగు మసక. మర్నాడు పొద్దున్నే వచ్చాడు. చూపు పరీక్షిస్తే కుడి కన్ను 6/36, ఎడమ కన్ను 6/9. ఈ అంకెల అర్థం రిపోర్టు దగ్గర చెబుతాను.

రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతసేపు బాగున్న కన్ను రెండో కంటి లోపాన్ని కప్పేస్తుంది. చూపులో తేడా ఉన్నట్టు మనిషికే తెలియదు. ఆయనకి ఎడమ కంట్లో రంగు పడకపోతే ఇంకెన్ని నెలలకి బయటపడేదో.

అందుకే ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి చెబుతాను, వింటూనే చేసుకోవచ్చు. దీని కోసం ఆమ్‌స్లర్ గ్రిడ్ అనే కార్డు ఉంటుంది. స్విట్జర్లాండ్ కంటి డాక్టరు మార్క్ ఆమ్‌స్లర్ తయారుచేసింది. పది సెంటీమీటర్ల చదరంలో అయిదు మిల్లీమీటర్ల గళ్ళు, మధ్యలో ఒక చుక్క. కంటి ఆసుపత్రిలో అడిగితే ఇస్తారు. అది చేతికొచ్చే దాకా గోడ మీది కేలండరు చాలు. చదువుకునే కళ్ళజోడు పెట్టుకుని, ఒక కన్ను అరచేత్తో పూర్తిగా మూసి, అడుగు దూరంలో నిలబడి తేదీల గళ్ళ మధ్య ఏదో ఒక అంకెనే చూస్తూ ఉండండి. కన్ను అటూ ఇటూ తిప్పకూడదు. చుట్టూ ఉన్న గీతలు వంగినట్టున్నాయా, కొన్ని గళ్ళు కనపడకుండా పోయాయా, ఒకచోట మసక ఉందా? ఆ తర్వాత రెండో కన్ను. వారానికొకసారి, ఏ రోజైనా సరే, ఒకే రోజు పెట్టుకోండి. గీత వంగినట్టు కొత్తగా కనపడిందంటే, ఆ వారంలోనే రెటీనా డాక్టరు చూడాలి. పండగ వెళ్ళాక, నాట్లు అయ్యాక, అబ్బాయి వచ్చాక అనే మాట ఇక్కడ కుదరదు.

నాగాయలంక వైపు ఒక తల్లి, కొడుకు సంక్రాంతికి వస్తాడని, దసరా నించి ఆగింది. ఆవిణ్ణి తప్పు పట్టను. ఒంటరిగా ఉంటుంది, బస్సు ఎక్కించి తీసుకెళ్ళే తోడు లేదు, శుక్లమేగా అనుకుంది. జనవరిలో ఆవిడ రిపోర్టు మీద ‘డిస్కిఫాం స్కార్’ అని ఉంది. మచ్చ కట్టేసిందని అర్థం. ఈ జబ్బుకి కంట్లో సూది మందు వేస్తారు, ఆ కంటికి అది వేసినా లాభం లేదన్నారు. రెండో కన్ను మాత్రం ఇప్పుడు వారం వారం చూసుకుంటోంది.

ఇక రిపోర్టు చదువుదాం. ఆర్.ఇ. అంటే కుడి కన్ను, ఎల్.ఇ. అంటే ఎడమ కన్ను. కొందరు డాక్టర్లు ఓ.డి., ఓ.ఎస్. అని రాస్తారు, వరసగా కుడి, ఎడమ. 6/60 అంటే మంచి చూపున్న మనిషికి అరవై మీటర్ల దూరాన కనపడే అక్షరం మీకు ఆరు మీటర్ల దగ్గరికి వస్తే గానీ కనపడటం లేదని. 6/6 మంచి చూపు. కింది అంకె తగ్గుతుంటే మెరుగవుతున్నట్టు లెక్క. సి.ఎఫ్. అంటే అక్షరాలు కనపడటం లేదు, ఎదుట వేళ్ళు చూపిస్తే లెక్క పెట్టగలరు అని. ఎన్6, ఎన్12 లాంటివి దగ్గరి చూపువి, పుస్తకం చదివే చూపు.

ఓ.సి.టి. అనేది ఈ జబ్బులో అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష. 1991లో మొదటిసారి లోకానికి తెలిసిన యంత్రం అది. సూది లేదు, కంటికి ఏదీ తగలదు. గడ్డం ఆనించి ఒక వెలుగు గుర్తుని చూస్తూ ఉంటే, రెటీనాని పొరలు పొరలుగా అడ్డంగా కోసినట్టు బొమ్మ తీస్తుంది. ఆ బొమ్మ పక్కన ఉండే అంకెలు మాక్యులా మందం, మైక్రాన్లలో. నడుమ చోట మామూలుగా రెండువందల యాభైకి కాస్త అటూ ఇటూ ఉంటుంది, యంత్రాన్ని బట్టి తేడా వస్తుంది. నాలుగువందలు, అయిదువందలు అని ఉంటే లోపల నీరు చేరి ఉబ్బిందన్న అనుమానం వస్తుంది. ఎస్.ఆర్.ఎఫ్. అంటే రెటీనా కింద నీరు, ఐ.ఆర్.ఎఫ్. అంటే రెటీనా లోపలే నీరు, పి.ఇ.డి. అంటే అడుగు కణాల వరస పైకి లేచింది అని. సి.ఎన్.వి. అని గానీ సి.ఎన్.వి.ఎం. అని గానీ ఉంటే కొత్త రక్తనాళాలు మొలిచాయి. జి.ఎ. అంటే జియోగ్రాఫిక్ అట్రోఫీ, డ్రై బాగా ముదిరి ఒక చోట కణాలు పూర్తిగా పోవడం. పి.సి.వి. అనే మాట కూడా మన రిపోర్టుల్లో కనపడుతుంది. వెట్‌లోనే అదొక రకం, రక్తనాళాల చివర బుడిపెలు కడతాయి. తెల్లవాళ్ళలో కంటే ఆసియా వాళ్ళలో ఎక్కువ. దానికి కొన్నిసార్లు సూదితో పాటు పి.డి.టి. అనే చల్లని లేజర్ వైద్యం కూడా చేస్తారు.

ఎఫ్.ఎఫ్.ఎ. అని రాస్తే భయపడకండి. చేతి నరంలోకి ఒక పసుపు రంగు మందు ఎక్కించి, అది కంటి రక్తనాళాల్లో పారుతుండగా ఫొటోలు తీస్తారు. ఆ రోజు ఒళ్ళు కాస్త పచ్చబడుతుంది, మూత్రం ముదురు పసుపుగా వస్తుంది. ‘కామెర్లు వచ్చాయి’ అని ఆ రాత్రి నాకు ఫోన్లు వచ్చిన సందర్భాలున్నాయి. మర్నాటికి పోతుంది. ఇంకొక సంగతి, ఈ పరీక్షలకి కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేస్తారు. నాలుగైదు గంటలు మసగ్గా ఉంటుంది కాబట్టి బండి నడుపుకుంటూ వెనక్కి రాకూడదు.

వైద్యం దగ్గరికొద్దాం. వెట్‌కి వైద్యం ఉంది, అది కంట్లో వేసే సూది. ఈ మాట వినగానే లేచి వెళ్ళిపోయిన వాళ్ళని చూశాను. అక్కడ జరిగేది ఇదీ. థియేటర్‌లోకి తీసుకెళ్ళి, మత్తు చుక్కలు రెండు మూడు సార్లు వేస్తారు. కంటి చుట్టూ, కంట్లో కూడా బెటడిన్ వేస్తారు, గోధుమరంగు మందు. రెప్పలు మూతపడకుండా చిన్న క్లిప్పు పెడతారు. ‘పైకి చూడండి’ అంటారు. నల్లగుడ్డుకి నాలుగు మిల్లీమీటర్ల దూరంలో, తెల్లగుడ్డు వైపు, చాలా సన్నని సూదితో ఒక చుక్కంత మందు లోపలికి పంపుతారు. ఒక మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి అంతగా ఉండదు. సూది లోపల ఉండేది కొన్ని క్షణాలే. ఆ రాత్రి కన్ను మండితే అది చాలావరకు బెటడిన్ మంట. సూది దిగిన చోట ఎర్రగా నెత్తుటి మచ్చ కనపడవచ్చు, కళ్ళ ముందు నల్లటి బుడగలు ఒకటి రెండు రోజులు తేలవచ్చు. వాటికి కంగారు అక్కర్లేదు. కంగారు పడాల్సింది ఎప్పుడంటే, మొదటి వారంలో నొప్పి రోజురోజుకీ పెరుగుతూ, కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక, చూపు తగ్గిపోతుంటే. కంటి లోపల చీము పడుతోందని దాని అర్థం. అరుదే, కానీ గంటల మీద నడిచే ప్రమాదం. ఆదివారమైనా, అర్ధరాత్రైనా సూది వేసిన ఆసుపత్రికి వెళ్ళిపోవాలి. సూది తర్వాత కొన్ని రోజులు తలస్నానం, చెరువు స్నానం, కుప్ప నూర్చే చోట దుమ్ము, కన్ను నలపడం, ఇవేవీ వద్దు. ఈ మధ్య పక్షవాతం గానీ గుండెపోటు గానీ వచ్చి ఉంటే సూదికి ముందే డాక్టరుకి చెప్పాలి.

ఆ మందు చేసే పని, కొత్త రక్తనాళాలు మొలిపించే వి.ఇ.జి.ఎఫ్. అనే పదార్థాన్ని అడ్డుకోవడం. అందుకే వీటిని యాంటీ వి.ఇ.జి.ఎఫ్. ఇంజెక్షన్లు అంటారు. పేర్లు రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్, బ్రోలుసిజుమాబ్, ఫారిసిమాబ్, బెవాసిజుమాబ్. ఈ చివరిదాని దగ్గర ఆగాలి. బెవాసిజుమాబ్ మొదట పేగు క్యాన్సర్‌కి వచ్చిన మందు. బిల్లు మీద పేరు చూసి, అమ్మాయో అబ్బాయో ఇంటర్నెట్‌లో వెతికి, ‘అమ్మా, నీ కంట్లో క్యాన్సర్ మందు ఎక్కిస్తున్నారు’ అని అర్ధరాత్రి ఫోన్ చేస్తారు. ఆ తల్లి రెండో సూదికి వెళ్ళదు. నిజం ఏమిటంటే, 2005 నించి ప్రపంచమంతా కంటి డాక్టర్లు దీన్ని చాలా చిన్న మోతాదులో వాడుతున్నారు. అమెరికా ప్రభుత్వ ఖర్చుతో జరిగిన ఒక పెద్ద పరీక్షలో దీన్నీ, ఖరీదైన రానిబిజుమాబ్‌నీ పక్కపక్కన పెట్టి చూశారు. 2011లో ఫలితం వచ్చింది, చూపు కాపాడటంలో రెండూ సమానం. అప్పట్లో అక్కడ ఒక మోతాదు ఖరీదు రానిబిజుమాబ్‌ది రెండువేల డాలర్లు, బెవాసిజుమాబ్‌ది యాభై డాలర్లు. బెవాసిజుమాబ్ పెద్ద సీసాలో వస్తుంది కాబట్టి దాన్ని చిన్న మోతాదులుగా పంచుతారు. ఆ పంచడం శుభ్రంగా జరగడం చాలా ముఖ్యం, ఆ ప్రశ్న ఆసుపత్రిలో నిస్సంకోచంగా అడగండి. రానిబిజుమాబ్‌కి 2015లో మన దేశపు కంపెనీయే తక్కువ ధర బయోసిమిలర్ తెచ్చింది. ఏ మందు ఎవరికన్నది డాక్టరు నిర్ణయం. డబ్బు ఇబ్బంది ఉంటే ఆ మాట కూడా డాక్టరుతోనే చెప్పాలి. చెప్పడానికి మొహమాటపడి మానేసినవాళ్ళే ఎక్కువ.

మొదట నెలకొకటి చొప్పున మూడు సూదులు వేస్తారు. లోడింగ్ డోసులంటారు. తర్వాత ఓ.సి.టి. చూసుకుంటూ ఆరు వారాలకి, ఎనిమిది వారాలకి అలా ఎడం పెంచుతూ పోతారు. మనవాళ్ళు ఆగిపోయేది సరిగ్గా ఆ మూడు దగ్గరే. ‘మూడు వేయించుకున్నాం, చూపు వచ్చింది, ఇంకెందుకు’ అని కొందరు. ‘మూడు వేయించుకున్నాం, చూపు రాలేదు, ఇంకెందుకు’ అని మిగిలినవాళ్ళు. ఇద్దరి లెక్కా తప్పే. మందు నెలా రెండు నెలలకి అరిగిపోతుంది, ఆ రక్తనాళం మళ్ళీ కారుతుంది. రానిబిజుమాబ్ మీద 2006లో వచ్చిన పరీక్షల ఫలితాల్లో, పదిమందిలో తొమ్మిదిమందికి పైగా చూపు పడిపోకుండా నిలబడింది, ముగ్గురు నలుగురికి అక్షరాల బోర్డు మీద మూడు వరసలు మెరుగైంది. అది మానకుండా నెల నెలా వేయించుకుంటూ వచ్చినవాళ్ళ లెక్క. ఉన్న చూపు నిలవడమే ఇక్కడ గెలుపు. మెరుగైతే అది అదనం. పెడన పెద్దాయన కుడి కన్ను ఇప్పుడు 6/18 దగ్గర నిలబడింది. సన్న అచ్చు పని మానేశాడు గానీ, పెద్ద పువ్వుల అచ్చు ఇప్పటికీ ఆయనే వేస్తాడు.

నెలనెలా విజయవాడ వెళ్ళిరావడం మాటలు కాదని నాకు తెలుసు. దివిసీమ నించైతే తెల్లవారకముందే లేచి కరకట్ట మీదుగా బస్సు, తోడు ఒక మనిషి, ఆ మనిషికి ఒకరోజు కూలి పోవడం. ఇది ఒక్క రోగి మోసే బరువు కాదు. ఒకే ఊరినించి, ఒకే పేటనించి సూదులకి వెళ్ళేవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటే తేదీలు కలిపి ఇమ్మని ఆసుపత్రిలో అడగవచ్చు, ఒక తోడు ముగ్గురికి సరిపోతుంది. బందరు రోడ్డులో తాడిగడప దగ్గర ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఆసుపత్రి ఉంది కాబట్టి, బందరు వైపు నించి వెళ్ళేవాళ్ళు ఊళ్ళోకి పోనక్కర్లేదు. విజయవాడలో ఇంకా రెటీనా డాక్టర్లు ఉన్నారు. ఎక్కడైనా సరే, ఒకచోటే చూపించుకుంటూ పాత ఓ.సి.టి. బొమ్మలన్నీ ఒకే ఫైల్లో పెట్టుకోండి. పాతదాంతో పోల్చకుండా కొత్త బొమ్మ చూసి చెప్పగలిగేది తక్కువ.

ఈ జబ్బు ఎందుకొస్తుందంటే, మొదటి కారణం వయసు. 1977 నవంబరు ఉప్పెన నాటికి పాతికేళ్ళున్న వాళ్ళకి ఇప్పుడు డెబ్బై దాటాయి. పుట్టిన తేదీ చెప్పలేక, ‘ఉప్పెన నాటికి నాకిద్దరు పిల్లలు’ అని వయసు చెప్పే తరం అది. ఈ జబ్బు వెతుక్కుంటూ వచ్చేది వాళ్ళనే. రెండో కారణం వంశం. మూడోది పొగ తాగడం, ఈ మూడింటిలో మన చేతిలో ఉన్నది ఇదొక్కటే. ఎల్.వి. ప్రసాద్ సంస్థ 1996 నించి 2000 దాకా అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేలమందికి పైగా కళ్ళు పరీక్షించింది. హైదరాబాదుతో పాటు పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లో. నలభై దాటినవాళ్ళలో నూటికి దాదాపు ఇద్దరికి ఈ జబ్బు కనపడింది. చుట్ట బాగా తాగినవాళ్ళలో అంతకంటే బాగా ఎక్కువ. చుట్టకి దగ్గూ ఆయాసమే వస్తాయనుకునేవాళ్ళకి ఈ సంగతి చెప్పండి. ఎన్నేళ్ళు తాగినా, ఇవాళ మానేస్తే కంటికి మేలే.

తిండి మాటకొస్తే తోటకూర, పాలకూర, బచ్చలి, మునగాకు, చేప మంచివి. మన దొడ్లో, మన కాలవల్లో ఉన్నవే. మాత్రల సంగతి వేరు. ఎ.ఆర్.ఇ.డి.ఎస్. అని అమెరికాలో జరిగిన పరీక్షలో, మధ్య దశలో ఉన్న డ్రై ముదిరే ప్రమాదాన్ని కొన్ని విటమిన్లు, జింకు కలిపిన మాత్ర నాలుగో వంతు వరకు తగ్గిస్తుందని 2001లో తేలింది. అందులో బీటా కెరోటిన్ పొగతాగేవాళ్ళకి ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం పెంచుతుంది కాబట్టి, 2013లో దాని బదులు ల్యూటిన్, జియాజాంథిన్ పెట్టారు. ఆ మాత్ర అందరికీ కాదు. తొలి దశలో పనిలేదు, జబ్బు లేనివాళ్ళకి అసలు పనిలేదు. ముదిరిన డ్రైకి 2023లో అమెరికాలో రెండు సూది మందులు వచ్చాయి. పిల్లలు వాటి గురించి అడుగుతుంటారు. అవి అరుగుదల వేగం కొంత తగ్గిస్తాయి, పోయిన చూపు తేవు. మచ్చ కరిగిస్తామని చుక్కల మందు అమ్మేవాళ్ళకి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వకండి.

ఇందాక పక్కచూపు గురించి గుర్తుంచుకోమన్నాను. మాక్యులా పోయిన మనిషి వీధిలో తడుముకోకుండా నడుస్తాడు. కింద పడ్డ చిల్లర పక్కచూపుతో ఏరుకుంటాడు. కానీ ఎదురుగా వచ్చిన సొంత మేనల్లుడి మొహం కనపడదు. ‘సైకిలు తొక్కుతున్నాడు, నన్ను మాత్రం చూడనట్టు పోయాడు’ అని బంధువులు నొచ్చుకుంటారు. ఇంట్లోవాళ్ళే ‘నటిస్తోంది’ అన్న తల్లుల్ని చూశాను. నటన కాదు, జబ్బు తీరే అది. మీరే ముందు పేరు చెప్పి పలకరించండి, ‘అత్తయ్యా, నేను ఫలానా’ అని. భుజం వెనకనించి దీపం, పెద్ద అక్షరాల ఫోను, భూతద్దం, కొంచెం పక్కకి చూస్తూ చదవడం అలవాటు చేసుకోవడం, వీటితో చాలా పనులు నడుస్తాయి. పెద్ద కంటి ఆసుపత్రుల్లో లో విజన్ క్లినిక్ అని ఇవి నేర్పే విభాగమే ఉంటుంది. రెండు కళ్ళూ బాగా తగ్గితే సదరం శిబిరంలో వైకల్య సర్టిఫికెట్‌కి కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇంకొకటి, చాలామంది సిగ్గుపడి చెప్పనిది. ఇలా చూపు తగ్గిన కొందరికి లేనివి కనపడతాయి. గోడ మీద తీగలు, గుమ్మంలో పిల్లలు, ఎవరో తెలియని మనుషులు వచ్చి నిలబడటం. మాట ఉండదు, చప్పుడు ఉండదు, బొమ్మ మాత్రమే. మన ఊళ్ళలో గాలి సోకిందంటారు, మతి పోయిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. దీనికి పేరుంది, ఛార్లెస్ బోనె సిండ్రోమ్. స్విట్జర్లాండ్‌లో ఆ పేరుగల పండితుడు 1760లో, చూపు పోయిన తన తాతకి ఇలా కనపడుతుండటం గమనించి రాశాడు. కన్ను పంపాల్సిన బొమ్మ రాకపోతే మెదడు తనంతట తాను బొమ్మ గీస్తుంది, అంతే. మతికీ దీనికీ సంబంధం లేదు. లైటు వేసినా, కళ్ళు రెండు మూడు సార్లు ఆర్పినా, చూపు అటూ ఇటూ తిప్పినా తరచుగా పోతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళని మెల్లగా అడగండి, ‘ఏమైనా కనపడుతున్నాయా’ అని. అడిగితే గాని చెప్పరు.

ఇంట్లో ఒకరికి మాక్యులర్ డీజెనరేషన్ అని తేలితే, వాళ్ళ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, యాభై దాటిన పిల్లలు కూడా కంటిపాప పెద్దది చేయించుకుని ఒకసారి రెటీనా చూపించుకోవాలి. వాళ్ళు గుడివాడలో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా సరే. ఈ ఆదివారం ఫోన్ మాట్లాడేటప్పుడు వాళ్ళకి ఆ మాట చెప్పండి.